తేదీ లేని కాగితాలు

“ఇంతకీ ఇది నాన్న ఎప్పుడు రాసినట్టు బాబూ?”

పరిశోధకుడు భూతద్దం మీంచి తల ఎత్తలేదు. బల్ల మీద టైపు చేసిన కాగితాల కట్ట ఉంది. పైన ‘మనిషి నైజం’ అని పేరుంది గానీ తేదీ లేదు. పేరుమోసిన ఆర్థికవేత్త అయిన ఆమె తండ్రి అచ్చుకివ్వకుండా వదిలేసి వెళ్ళిన రచన అది.

“ఎందుకమ్మా అంత ఆత్రం?”

“ఆఖరి పేజీ చదివారుగా.”

చదివాడు. ‘లాభం లేనిదే మనిషి ఎవరి కోసమూ చిటికెనవేలు కదపడు. మంచం పట్టిన తండ్రికి మందు తాగించే కూతురి కన్ను కూడా ఇంటి మీదే ఉంటుంది.’

“పదేళ్ళు చూసుకున్నాను ఆయన్ని,” అందామె. “కుర్రతనంలో రాసుంటే పోనీలే అనుకుంటాను. పోయేముందు రాసుంటే మాత్రం అది నన్నన్న మాటే.”

ఆయన చివరి రోజుల్లో మనుషుల మీద నమ్మకం పోగొట్టుకున్నాడని పరిశోధకుడు ఓ పుస్తకమే రాశాడు. సాక్ష్యమేదీ అంటూ ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపుతూనే ఉన్నారు. ఇప్పుడు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఈ కాగితాల్లో ‘మ’ పడిన ప్రతిచోటా అంచు విరిగి ఉంది. ఆర్థికవేత్త చనిపోయిన ఏడాది పంపిన టైపు ఉత్తరాల్లోనూ అదే విరుపు. అంతకు ముందు వాటిలో లేదు. ఇక అనుమానమే అక్కర్లేదు.

తల ఎత్తాడు. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడుస్తోంది. ఆమెని చూస్తే జాలేసింది. తన పుస్తకం తలుచుకుంటే ఏడుపొచ్చింది.

“కుర్రతనంలోదేనమ్మా,” అన్నాడు. “ఆ దుడుకు చూడండి. కూతురంటే ఏమిటో తెలియని రోజుల్లో రాసింది.”

“గట్టిగా చెప్పగలరా?”

“చెప్పగలను.”

“ఆ మాటే రాసి సంతకం పెడతారా? గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు దీనికి జత చేస్తాను.”

కలం మూత తీయడానికి కాస్త ఆలస్యమైంది. అయినా రాశాడు, సంతకమూ పెట్టాడు. దాంతో తన పుస్తకానికి నీళ్ళొదులుకున్నట్టే.

“దీనివల్ల మీకు ఒరిగిందేముంది బాబూ?”

“మీ చేతి కాఫీ,” అని నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

“నాన్న రాసింది తప్పని ఇన్నాళ్ళకి తేలింది. మనసు తేలికపడింది,” అంటూ ఆమె గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

మంచం మీంచి తండ్రి చెబుతుంటే, ఆ కాగితాలన్నీ టైపు చేసింది ఆమే.