కత్తికి తెలిసిన చెయ్యి

"ఏమండీ, మీరెందుకు వరసలో నిలబడ్డారు? ఇది మాస్టారి పాత శిష్యులకే" అన్నాడు పొడుగుమెడ జిరాఫీ.

ఆమె ఫాయిల్‌ను, ఆ సన్నని ఫెన్సింగ్ కత్తిని, గట్టిగా పట్టుకుంది. "నేనూ పాతదాన్నేనండీ."

"అలాగా! ఏ బ్యాచ్?"

"మీ బ్యాచే."

వరసంతా గొల్లుమంది. ముందు నిలబడ్డ గుమ్మడి పొట్ట పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ మారుపేరు అతనికి అప్పుడెంత నప్పిందో ఇప్పుడు అంతకు రెట్టింపు నప్పింది.

"మన బ్యాచా? నాకు తెలీకుండా మన బ్యాచిలో ఎవరున్నార్రా? పక్క హాల్లో డాన్సు నేర్చుకుని ఉంటారు. గుర్తు చేసుకోండి మేడమ్!"

ఆమె చెవులు వేడెక్కాయి. మాస్కు తొడిగేసుకుంటే ముఖమైనా దాగుతుంది కదా అనిపించింది. ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ రేపటి నుంచి ఈ హాలు ఉండదు. బెంచీలు అప్పుడే బయటికి చేర్చేశారు, గోడకున్న అద్దం కూడా తీసేశారు. వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. తోలు గ్లవుజులు, చెమట, కత్తులకు తుప్పు పట్టకుండా రాసే నూనె. గుమ్మంలోకి రాగానే ఆ వాసనే ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"పోనీలేరా, మాస్టారే తేలుస్తారు" అన్నాడు జిరాఫీ. "ఆయన గుర్తుపడితే మీరు మా మనిషే. లేదంటే ఓ కప్పు టీ తాగి వెళ్దురుగాని. సరేనా?"

ఆమె తలూపింది. ఆ మాట తేల్చుకుందామనే కదా వచ్చింది.

హాలు మధ్యలో మాస్టారు కళ్ళకు నల్ల గుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నారు. ఏటా చివరి రోజున ఆడే ఆట అది. ఒక్కొక్కరే మాస్కు వేసుకుని, నోరు మెదపకుండా వెళ్ళి, ఆయన ఫాయిల్‌కు తమ ఫాయిల్ ఆనించాలి. కత్తులు నాలుగుసార్లు అటూ ఇటూ తగిలేసరికి ఎదుట ఉన్నదెవరో ఆయన చెప్పేస్తారు. "ముఖం అబద్ధమాడుతుంది గానీ మణికట్టు ఆడదర్రా" అనేవారు. గోడవారగా కుర్చీలో ఆయన భార్య, శిష్యులందరికీ అమ్మగారు, టీ కప్పులు సర్దుకుంటూ కూర్చుని ఉంది.

గుమ్మడి వెళ్ళాడు. కత్తులు రెండుసార్లు తగిలాయో లేదో, "ఒరేయ్ గుమ్మడీ! నేల అదురుతోంది గానీ నీ కత్తి కదలదేంరా?" అన్నారు మాస్టారు. ఒకటే చప్పట్లు.

జిరాఫీ వెళ్ళాడు. "రా నాయనా రా. నీకంటే ముందు నీ మోచెయ్యి వచ్చేసింది." మళ్ళీ చప్పట్లు.

ఇక మిగిలింది ఆమే.

రెండేళ్ళు ఈ హాల్లో తలుపు పక్కనే నిలబడి నేర్చుకుంది. ఫాయిల్‌తో పొడిస్తే మెడకూ నడుముకూ మధ్య తగలాలి. ఆమె పోటు చేతికో కాలికో తగిలేది, అది లెక్కలోకి రాదు. ఒక రోజు రావడం మానేసింది. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు.

మాస్కు తొడుక్కుని ముందుకు నడిచింది. కత్తికి కత్తి ఆనించింది. ఆ సన్నని ఉక్కు అరచేతిలో సన్నగా వణికింది. ఆ వణుకుతో పాటు ఆ రోజులన్నీ మోచేతి దాకా పాకి వచ్చినట్టయింది.

మాస్టారు తల పక్కకు వంచారు.

"మళ్ళీ" అన్నారు.

ఆమె పొడవబోయింది. పొడిచే ముందు కత్తిని వెంట్రుకవాసి వెనక్కి తీయడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు, ఎదుటివాళ్ళను ఏమనుకోవద్దని అడిగినట్టు. మాస్టారు ఆ పోటును పక్కకు తోసి, తన ఫాయిల్ దించేశారు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. 'అంతే, నేనెవరో ఈయనకీ తెలీదు' అనుకుని ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"ఏమే తలుపు పక్క పిల్లా!" అన్నారు మాస్టారు. "అప్పుడూ చెప్పకుండానే పోయావు. ఇప్పుడూ అలాగే పోతావా?"

మాస్కు జల్లెడ వెనక ఆమె కళ్ళు అలుక్కుపోయాయి. చప్పట్లు ఆగేదాకా మాస్కు తియ్యలేదు.

జిరాఫీ తనే టీ తెచ్చి ఇచ్చాడు. "సారీ. మా బుర్రలకే తుప్పు పట్టింది. ఇంతకీ అమ్మగారు నీకేం సైగ చేశారు?"

"సైగ ఏమిటి?"

"నీకు తెలీదా? కత్తి ఎక్కడైనా పేర్లు చెబుతుందా! అంతా అమ్మగారి మహిమ. నా వంతొస్తే చెంచాతో కప్పు మీద కొడతారు. గుమ్మడికైతే దగ్గుతారు. మాకు మొదటేడే తెలిసిపోయింది. ఆయన సరదా పాడుచెయ్యడం ఎందుకని అందరం నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తాం."

నోట్లో టీ చప్పబడింది. అయితే మణికట్టూ లేదు, ఏమీ లేదు. కప్పు కింద పెట్టేసింది. తర్వాత తనకు తనే సర్దిచెప్పుకుంది. మాస్టారికి కాకపోతేనేం, అమ్మగారికైనా నేను గుర్తున్నానుగా! ఒక్క మనిషికి గుర్తున్నా చాలు.

వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "నన్ను మర్చిపోనందుకు థ్యాంక్సండీ అమ్మగారూ. నా వంతొచ్చినప్పుడు ఏ సైగ చేశారు?"

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారికి వినపడకుండా గొంతు బాగా తగ్గించింది.

"ఏమీ చెయ్యలేదు తల్లీ. నువ్వెవరో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు."