మైకు బాబాయి డబ్బా

"తలుపు తియ్యకు పిన్నీ, ఏసీ చల్లదనం పోతే మిషను వేడెక్కుతుంది," అని గదిలోంచి బాబాయి అన్నకూతురు కేకేసింది.

పిన్ని తలుపు ముందే పీట వేసుకుని కూర్చుంది. తువ్వాళ్లు, పళ్ల బ్రష్షు, దుప్పటి సర్ది ఆమె పొద్దున్నే గదిలో పెట్టిన ఆస్పత్రి సంచీని బాబాయి తీసి అల్మారా మీదికి విసిరేశాడు.

రేపు ఆపరేషను. గొంతులో గడ్డ. తీసేస్తే మనిషి ఉంటాడు, మాట ఉండదు. తియ్యకపోతే కొన్నాళ్లకి రెండూ ఉండవు. డాక్టరు ఇంత తేటగా చెప్పినా బాబాయిది ఒకటే పట్టు.

"నీతో పోట్లాడలేని బతుకు నాకెందుకే?"

ఆ మాటా నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏదైనా నవ్వుతూనే అంటాడు. కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. మైకు అవసరం ఏనాడూ పడలేదు కాబట్టి అందరూ మైకు బాబాయి అంటారు.

అందుకు అన్నకూతురు కనిపెట్టిన ఉపాయం ఈ ల్యాప్‌టాప్. టైపు చేస్తే బాబాయి గొంతుతో పలకాలి. నెట్ పోయినా పలకాలి. అంటే పనంతా దాని కడుపులోనే జరగాలి. అందుకని సినిమాలకి బొమ్మలు చేసేవాళ్లు వాడే రకం ఏరింది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, మామూలు వాటికి నాలుగింతలు మెమరీ.

"గేములు ఆడతారా సార్?" అని అడిగాడు షాపువాడు.

"రోజూ ఆడతాను, మా ఆవిడతో. ఒక్కసారీ గెలవలేదు," అన్నాడు బాబాయి.

నెలంతా, బయటి చప్పుడు పడకుండా దుప్పటి ముసుగేసుకుని దాని ముందు కూర్చున్నాడు. తిట్లు, జోకులు, దగ్గులు, దీర్ఘాలు, ఏదీ వదలకుండా రికార్డు చేశాడు.

పోయినవారం పిన్నికి వినిపించారు. ఒక్కో మాటకీ మిషను ఆయాసపడింది. ఫ్యాను పిండిమరలా మోగింది. చివరికి బాబాయి గొంతే వచ్చింది గానీ, రైలు ఆలస్యమని చెప్పే మనిషిలా వచ్చింది.

"ఆ డబ్బాతో నేను కాపురం చెయ్యను," అంది పిన్ని. "మాట పోతే పోయింది. నోరులేని మొగుడైనా నాకు చాలు. ఆస్పత్రికి పదండి."

"నీకు చాలుతాడేమో. నాకు చాలడు," అని బాబాయి అటు తిరిగి పడుకున్నాడు.

అప్పట్నుంచి అన్నకూతురు దాన్ని సరిచేస్తూనే ఉంది. కార్డుకి వెళ్లే కరెంటు కాస్త బిగబట్టింది. దాంతో వేడి తగ్గి, వేగం నిలబడింది. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ పీకేసింది. ఆ రికార్డులన్నీ ఇచ్చి మిషను గొంతుకి మొదట్నుంచీ మళ్లీ పాఠం చెప్పించింది. ఈ సాయంత్రంలోగా వస్తున్నామని చెప్పకపోతే ఆస్పత్రిలో మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఆ ఫ్యాను హోరు కాస్త ఆపవే, ఆయన మాట విననీ," అంది పిన్ని. తర్వాత తలుపుకి దగ్గరగా జరిగింది. "ఏమండీ, సంచీ దించారా?"

"దించుతాలే. అందులో నా నీలం చొక్కా పెట్టావా?" గదిలోంచి బాబాయి గొంతు వచ్చింది.

"ఆస్పత్రిలో చొక్కా ఎవరు వేసుకోనిస్తారు?"

"నర్సులు చూడొద్దటే?"

"చూస్తారు, చూస్తారు. తలకి రంగేసుకున్న ముసలాణ్ణి వరసకట్టి చూస్తారు."

"మీ తమ్ముడికన్నా నయం. రంగేద్దామన్నా వాడికి వెంట్రుక లేదు."

"మా తమ్ముడి ఊసెత్తితే ఊరుకోను." పిన్ని కొంగు బిగించి సర్దుకుని కూర్చుంది. ఈ పోట్లాట కొత్తది కాదు. ముప్ఫై ఏళ్లుగా రంగు, తమ్ముడు, స్కూటరు, ఇదే వరస. "మీ స్కూటరు కాలవలో పడితే తాడేసి లాగిందెవరు? వాడు కాదూ?"

"తోసిందెవరో కూడా చె..."

గొంతు మధ్యలో తెగిపోయింది.

పిన్ని ముఖం పాలిపోయింది. "ఏమండీ? నొప్పిగా ఉందా?"

లోపల ఫ్యాను హోరు ఇంకా పెరిగింది. "ఏం లేదు పిన్నీ, ఒక్క నిమిషం," అంది అన్నకూతురు.

"...ప్పవే," అంటూ గొంతు మళ్లీ అందుకుంది. "ఏడుస్తున్నావా ఏమిటి?"

"మీకోసమా? నాకింకేం పన్లేదా?" పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆ కొంగు మాత్రం సంచీలో పెట్టకు. జలుబు నాకు అంటుకుంటుంది."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే దుఃఖం ముంచుకొచ్చింది. తలుపుకి తల ఆనించింది.

"విన్నావటే అమ్మాయ్? దానికి గొంతు నేర్పగలవు. ఈ ఎకసెక్కాలు ఎలా నేర్పుతావు? నా ప్రాణం ఇలా తోడాలంటే ఆ మనిషే తోడాలి. నీ డబ్బా ఇలా ఒక్క మాటంటే దానికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను, నీ మీదొట్టు."

లోపల ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను కూడా నెమ్మదించింది.

పిన్నికి భయమేసింది. లేచి తలుపు తోసింది.

బాబాయి సంచీ ఒళ్లో పెట్టుకుని, పెదాల మీద అడ్డంగా తెల్ల ప్లాస్టరు అంటించుకుని, పిన్ని ఇంకా అడగని ప్రశ్నకి రెండు వేళ్లతో ల్యాప్‌టాప్‌లో జవాబు టైపు చేస్తున్నాడు.