చెయ్యి పెట్టని గిటార్

"ముందు నువ్వెళ్ళి చూడమ్మా. నాకు ధైర్యం చాలట్లేదు," అన్నాడు తండ్రి, గిటార్ల షాపు గుమ్మంలోనే ఆగిపోయి.

"ఇదేమన్నా పెళ్ళిచూపులా నాన్నా? రా!" కూతురు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

షాపంతా వార్నిష్ వాసన. షాపతను గోడ మీది బేస్ గిటార్ దించి ముసలాయన ఒళ్ళో పెట్టాడు. అదే మోడలు, అదే ఎరుపు. ఇరవై రెండేళ్ళ క్రితం బ్యాండు వ్యాను అద్దం పగలగొట్టి ఎవరో తన గిటార్ ఎత్తుకుపోయినప్పటి నుంచి ఆయన ఎక్కని షాపు లేదు. ఇప్పుడు వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. వచ్చే ఏడాదికి అసలు వంగవని డాక్టరు తేల్చేశాడు.

రెండు స్వరాలు మోగించి కళ్ళు మూసుకున్నాడు.

"గొంతు అదేనమ్మా..." గిటార్ తల తడిమి చూశాడు. ముఖం వాడిపోయింది. "ఏమండీ, దీనికి రంగేమైనా వేశారా? రిపేరు చేశారా?"

పాత గిటార్లు కొనేవాళ్ళు ముందుగా అడిగేది అదే. చేశామంటే పెదవి విరిచి వెళ్ళిపోతారు.

"ఎంతమాట సార్! ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉంది. స్క్రూ కూడా విప్పలేదు, ఒట్టు!" అన్నాడు షాపతను. అంతలో ఫోను మోగితే బయటికి వెళ్ళాడు.

ముసలాయన గిటార్ పక్కన పెట్టేశాడు.

"ఇది కాదమ్మా. నాలుగో తీగ బిగించే కీ విరిగితే, మీ అమ్మ తన అద్దం బల్ల సొరుగుకున్న ఇత్తడి పిడి ఊడబీకి బిగించింది. 'మీ రెండో పెళ్ళానికి నగ పెట్టాను, తీశారో ఊరుకోను' అంది. మీ అమ్మ చెయ్యి పడిన ఆ పిడిని ఒక్కసారి పట్టుకుంటే చాలనుకున్నాను."

"ఇంకో షాపు చూద్దాం నాన్నా."

"వద్దు తల్లీ. షాపులూ అయిపోయాయి, వేళ్ళూ అయిపోయాయి. ఇక వెతకను."

ఇన్నేళ్ళూ సంచిలో మోసుకు తిరిగిన, తన గిటార్ భుజాన తగిలించుకునే పాత తోలుపట్టీని బల్ల మీద వదిలేశాడు. మెట్లు దిగుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా దించింది.

బేరం పోయిందని గొణుక్కుంటూ షాపతను వెనక గదిలోకి వెళ్ళి, నిన్నటి రిపేరు తాలూకు చెత్త ఊడ్చాడు.

ఇత్తడి సొరుగు పిడి ఒకటి బుట్టలో పడింది.