దొరవారికి తోడు

"ఆదివారం దాకా గడువు. ఈలోగా ఆ కంపయినా పోవాలి, ఆ రాక్షసుడైనా పోవాలి," అంది భార్య ముక్కు మూసుకుని.

టైలరు మెడలో వేలాడుతున్న టేపు సవరించుకున్నాడు. ముందుగదిలో ఆరడుగుల అద్దాల తొట్టి. అందులో రెండడుగుల వేటచేప. ఆయన దానికి పెట్టుకున్న పేరు దొర. దొరవారు రొయ్యను సగం కొరికి సగం వదిలేస్తారు. ఆ వదిలేసింది అడుగున చేరి కుళ్ళుతుంది. అలాగని, వేలెడంత పిల్లగా తెచ్చి సాకిన చేపను ఎవరికో ఇచ్చెయ్యడమంటే టైలరుకు పై ప్రాణాలు పైనే పోయినట్టుంది.

"అడుగున తిరిగే జెల్లచేపని వేస్తే మిగిలిందంతా తినేస్తుందటే. ఇవాళే తెస్తాను."

"తెండి. అది బతికి బట్టకడితే చూద్దాం."

తెచ్చాడు. ఊరికే తేలేదు, కొలతలు తీసుకుని మరీ తెచ్చాడు. అద్దానికి టేపు ఆనించి చూస్తే దొర నోరు రెండంగుళాలు. కుట్టులోకి వదిలినట్టు ఒక అంగుళం వదిలి, మూడంగుళాల జెల్లను కొన్నాడు. తొట్టిలో వేసి చెయ్యి తుడుచుకునేలోపే జెల్ల మాయం. దొరవారు ఏమీ ఎరగనట్టు అటు తిరిగి ఉన్నారు.

"నోరు మూసుకున్నప్పుడు కొలిచారా, తెరిచినప్పుడా?" అని అడిగింది భార్య.

టైలరు రొయ్యను ఎర చూపించి, దొర నోరు బార్లా తెరిచిన క్షణాన మళ్ళీ కొలిచాడు. నాలుగున్నర! ఆ కొలత చీటీ మీద రాసుకుని రంగుచేపల కొట్టుకు పరుగెత్తాడు.

కొట్టాయన పెద్దవాడు, చేపల లోకానికి పెళ్ళిళ్ళ పేరయ్య. సంగతి విని తల పట్టుకున్నాడు.

"వేటచేపకి తోడు వెతకడమంటే మాటలా మాస్టారూ? నోట్లో పట్టేదేదైనా దానికి ముద్దే. పోనీ పెద్దది ఇద్దామా అంటే..." అంటూ పక్కతొట్టిలో వెడల్పు నోటి వాలుగను చూపించాడు. "ఇది ఏడాది తిరిగేసరికి మీ దొరనే మింగి కూర్చుంటుంది."

"అమ్మో! మరి ఆ అద్దానికి అతుక్కున్నది?"

"చూడ్డానికి ముద్దొస్తుంది. ఆకలేస్తే మీవాడి ఒంటికే అతుక్కుని జిగురంతా గీకేస్తుంది. ఆపైన పుళ్ళు పడతాయి."

"నా దొరని తినకూడదు, నా దొర తినకూడదు. అంత బుద్ధిమంతురాలు లోకంలో ఒక్కతీ లేదా?"

కొట్టాయన మూలనున్న తొట్టిలో చెయ్యి పెట్టి కొయ్యదుంగ పైకెత్తాడు. కింద అడుగు పొడవున, బొద్దుగా ఒక జెల్ల. ఒంటికి రెండు పక్కలా రంపం పళ్ళలాంటి ముళ్ళు.

"ఒళ్ళంతా కవచం. నోరు చూస్తే ఇంతే. ఎవరి జోలికీ పోదు. పగలంతా దుంగ కిందే నక్కి ఉంటుంది, రాత్రుళ్ళు వచ్చి అడుగంతా ఏరుకు తింటుంది. కనబడలేదని కంగారు పడకండి."

"మావాడు మింగబోతే?"

"ఇంత లావుది పట్టదండీ. ఒకవేళ నోరు పెట్టినా, ఒక్క ముల్లు గుచ్చుకుంటే మళ్ళీ దాని దరికి రాడు."

టైలరు అయినా నమ్మలేదు. జెల్లను వలలో పట్టించి, దాని నడుము చుట్టుకొలత తీశాకే సంచీలో వేయించుకున్నాడు.

ఇంటికొచ్చి దుంగతో సహా తొట్టిలో దింపి, దాని గుణగణాలన్నీ భార్యకు ఏకరువు పెట్టాడు.

"ముళ్ళా?" అంది ఆవిడ.

"మామూలు ముళ్ళా? రంపమే! మన దొరకి తగ్గ జోడీ."

ఆవిడ ఒకసారి దుంగ వంక, ఒకసారి దొర వంక చూసింది.

రెండు రోజులు గడిచేసరికి టైలరు నిద్రలేచే వేళకు తొట్టి అడుగు కడిగిన పళ్ళెంలా ఉంది. కంపు లేదు, ఒక్క రొయ్య తొక్క లేదు. ఆదివారం రానే వచ్చింది. టైలరు టేపు నలుపుతూ నిలబడితే, భార్య తొట్టి చుట్టూ తిరిగి, రెండుసార్లు వాసన చూసింది.

"సరే, ఉండనివ్వండి. ఏం చేస్తాం," అంది.

టైలరు గాల్లో తేలిపోయాడు. జెల్లను కళ్ళారా చూసి మెచ్చుకుందామని ఒకసారి దుంగ ఎత్తబోతే, "పాపం, రాత్రంతా చాకిరీ చేసి పడుకుంది, లేపకండి," అని భార్యే అడ్డం పడింది. ఎంత మార్పు అని మురిసిపోయాడాయన. కొలతలకొచ్చిన ప్రతి మనిషికీ జెల్ల గొప్పలే చెప్పాడు. జాకెట్టు కుట్టించుకోడానికొచ్చిన ఒకావిడైతే వినలేక గుడ్డ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నెల తిరిగాక మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు.

"ఆ జెల్లకి ఇంకో జెల్లని జత ఇవ్వండి. అంత తొట్టి ఒక్కతే శుభ్రం చేస్తోంది, నాకు జాలేస్తోంది."

కొట్టాయన ఆయన వంక వింతగా చూశాడు. తర్వాత మూలతొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. అడుగు పొడవు, బొద్దు ఒళ్ళు, రంపం ముళ్ళు.

"అచ్చం మా దానిలాగే ఉందే!"

"మీదే మాస్టారూ. చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది గానీ, మర్నాడే చెల్లెమ్మ దీన్ని బకెట్లో పెట్టుకొచ్చి ఇచ్చేసింది. తొట్టి అడుగు చెత్త లాగే గొట్టం కొనుక్కుని, మీరు లేవకముందే శుభ్రం చెయ్యడం ఎలాగో నా దగ్గరే నేర్చుకుంది. 'ఎందుకమ్మా నీకీ తిప్పలు?' అంటే, 'మా బుజ్జి దొరకి ముల్లు గుచ్చుకుంటే నేను చూళ్ళేనన్నయ్యా' అని ఒకటే ఏడుపు!"