పండని పూత

"ఎక్కడో వెలుతురు దూరుతోందిరా," అన్నాడు పొరుగింటి లైల్, మొక్కలు పెంచే టెంట్‌లోంచి తల బయటికి తీస్తూ. "లేకపోతే పూతలో ఉన్న మొక్క మళ్లీ ఆకేస్తుందా?"

హోలిస్ వంగి చూశాడు. గంజాయి మొగ్గల కొనల్లోంచి గుండ్రటి ఒంటి ఆకులు తొంగిచూస్తున్నాయి. కోతకి రావలసిన పూత మళ్లీ మొదటికొచ్చింది. పూతకొచ్చిన మొక్కకి పగలెంత దీపం కావాలో, రాత్రి అంత కటిక చీకటి కావాలి. మధ్యలో వెలుతురు సోకిందా, ఇంకా వసంతమే కాబోలనుకుని పండడం మానేస్తుంది. ఆ కొండల్లో ఈ సంగతి తెలియని వాళ్లు లేరు.

పోలీసు హెలికాప్టర్లకి దడిసి చెట్ల మాటున సాగు చేసిన రోజుల నుంచీ హోలిస్‌కి ఈ మొక్కే లోకం. చట్టం ఒప్పుకున్నాక ధర పడిపోయింది, అతని మోకాళ్లు అరిగిపోయాయి, సాగు వెనక గదిలోని టెంట్‌లోకి కుదించుకుపోయింది. మొక్కలు అతనివే గానీ మట్టి మాత్రం అతని భార్య కొరీన్‌ది. వానపాముల ఎరువు, సముద్రపు నాచు, కుళ్లిన ఆకులు కలిపి ఏళ్ల తరబడి పెంచిన మట్టి. ఏ కోత తర్వాతా దాన్ని పారబోయనివ్వలేదు. ఆకుల గుబురు దాటి మడి వెనక మూలకి నీళ్లు పోయడం కూడా ఆమె వంతే. ఆమెది సన్నటి చెయ్యి.

ఆ కొరీన్ ఇప్పుడు వెళ్లిపోతోంది.

పోట్లాటేమీ జరగలేదు. హోలిస్ నోట్లో నాలుక లేని మనిషి. మొక్కలతో మాట్లాడినంత కూడా పెళ్లాంతో మాట్లాడడు. ఆ మౌనంతో వేగలేక, సముద్రం ఒడ్డున ఉండే చెల్లెలి దగ్గరికి పోతానంది కొరీన్. ఉండిపొమ్మందామనే నోరు తెరిచాడు. తీరా బయటికొచ్చింది "సరే" అన్న ముక్క.

అయితే పైరు నిలబడి ఉండగా కాపురం విడదీయకూడదని ఆ కొండల్లో కట్టుబాటు. ఎంత చెడిన మొగుడూ పెళ్లాలైనా కోత అయ్యాకే ఎవరి దారి వారు చూసుకుంటారు. అందుకని పూత పండేదాకా ఉంటానంది. పెట్టెలు సర్ది నడవాలో పెట్టుకుంది.

"ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?" అని రోజూ భోజనం దగ్గర అడిగేది. ఆ తొందర చూస్తే హోలిస్‌కి ముద్ద దిగేది కాదు.

పోయే మనిషిని పండని పంట పేరుతో ఆపడం అతనికి అన్యాయమనిపించింది. టెంట్ చుట్టూ కుట్టు కుట్టుకీ టేపు అంటించాడు. ఫ్యాను మీది చిన్న పచ్చ దీపాన్ని కూడా కప్పేశాడు. పట్టపగలు లోపల దూరి, తలుపు మూయించుకుని కూర్చున్నాడు. తన అరచెయ్యి తనకే కనిపించలేదు. దీపాల టైమరు మీద అనుమానమొచ్చి దాన్ని పారేసి కొత్తది కొన్నాడు. ఎన్ని చేసినా మొక్కలు ఆకులే వేస్తున్నాయి.

"అంత హైరానా ఎందుకు? వాటి తీరునే పండుతాయిలే," అనేది కొరీన్. తన మీద జాలిపడుతోందనుకున్నాడు.

ఒక సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. హోలిస్ బ్యాటరీ లాంతరేదని అడిగితే లైల్ వాళ్లకిచ్చానంది కొరీన్. కొవ్వొత్తి వెలిగించి, సర్దేసిన పెట్టె విప్పి ఇనప పెనం తీసి, మొక్కజొన్న రొట్టె కాల్చింది. అవతలికి తీసుకెళ్లాల్సిన పెనాన్ని మళ్లీ ఎందుకు మసి చేస్తోందా అనుకుంటూ తిన్నాడు హోలిస్. రొట్టె ఎప్పటిలాగే బాగుంది. ఆ మాటైనా అందామనుకున్నాడు.

"ఏమైనా అన్నావా?" అంది కొరీన్.

"లేదు."

ఆమె ఇంకాసేపు అతని ముఖంలోకి చూసి, పళ్లేలు తీసింది.

సంగతి విన్న లైల్‌కి ఒళ్లు మండింది. "ఉండిపొమ్మని ఒక్క మాట అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని తిట్టాడు. వెళ్లాలని మనసు పడ్డవాళ్లని కట్టేయడం మర్యాద కాదన్నాడు హోలిస్. మర్యాదే వండుకు తినమని లైల్ విసురుగా వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున్నే హోలిస్ కత్తెరలు రెండూ పదును పెట్టి తెచ్చాడు.

"పండకపోయినా కోసేద్దాం," అన్నాడు. బతుకులో అతను అంత పెద్ద మాట మాట్లాడింది తక్కువ. "పూత చెడితే చెడింది. నిన్నిలా కట్టిపడేయడం బాగోలేదు."

కొరీన్ కత్తెరల వంక చూసింది.

"నీకు అదే కావాలా?"

"అదే," అన్నాడు. ఆమె కోసమే అబద్ధమాడానని లోలోపల తృప్తిపడ్డాడు కూడా.

ఆమె చెయ్యి చాచి కత్తెర అందుకుంది. ముందువైపు అతను, వెనక మూల వైపు ఆమె కోశారు. మధ్యాహ్నానికి లైల్ ట్రక్కులో పెట్టెలెక్కాయి. ఎక్కబోతూ ఆగి, "మట్టి ఎండనివ్వకు. వానపాములు చచ్చిపోతాయి," అని మాత్రం చెప్పింది. ట్రక్కు మలుపు తిరిగాక హోలిస్ పెదవులు కదిలాయి. ఉండిపో అన్నాడు. వినడానికి ఎవరూ లేరు.

సాయంత్రం లైల్ తిరిగొచ్చేసరికి మళ్లీ గాలి, మళ్లీ కరెంటు లేదు. దారి పొడుగునా కొరీన్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉందని చెప్పాడు లైల్. హోలిస్ ఆ మాట విననట్టే ఊరుకుని, తమ లాంతరు తెచ్చిమ్మన్నాడు.

"ఏ లాంతరు?" అన్నాడు లైల్. "మా ఇంటికేం రాలేదే. జనరేటరుండగా నీ లాంతరు నాకెందుకురా?"

ఎక్కడో పడేసుకుని ఉంటుందిలే అనుకున్నాడు హోలిస్. లైల్‌ని పంపేసి, ఒక చేత్తో కొవ్వొత్తి, ఇంకో చేత్తో నీళ్ల డబ్బా పట్టుకుని టెంట్‌లోకి వెళ్లాడు. ఆమె చివరిసారి అడిగిన పనైనా సరిగ్గా చేయాలనుకున్నాడు. మొక్కలు పోయి మడి బోడిగా ఉంది. ఎన్నడూ చెయ్యి అందని వెనక మూల ఇప్పుడు తేటగా కనిపిస్తోంది. నీళ్లు పోయడానికి అటు వంగాడు.

మొక్కలుండిన వైపుకి తిప్పిపెట్టి ఉంది, కొరీన్ ఇచ్చేశానన్న లాంతరు.