మూడు కాళ్ళ గుర్రం

సుధీర్ పేరెత్తితే చాలు, మొగులయ్యకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇద్దరూ ఒకప్పుడు పటాన్‌చెరులో ఒకే మందుల ఫ్యాక్టరీలో పనిచేశారు. సుధీర్ షిఫ్టు ఇన్‌ఛార్జి. మొగులయ్య బాయిలర్ దగ్గర కాంట్రాక్టు కూలి. కాంట్రాక్టువాళ్ళను తీసేసిన రోజు సుధీర్ అద్దాల గదిలోంచి తల కూడా ఎత్తలేదు. ఇప్పుడేమో పెద్ద రచయిత. ‘ఇనుపచెరువు’ అని ఐదు భాగాలు అచ్చేశాడు. మాయలు, యుద్ధాలు, చెరువు అడుగున ఓ రాజ్యం. కుర్రకారు పడి చస్తున్నారు. ఆరో భాగం ఎప్పుడు సార్ అని మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

పోయినేడాది దాకా మొగులయ్యకు ఈ సంగతే తెలియదు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి పుస్తకాల గొడవ ఎవరు చెప్తారు? బస్టాండు వెనక చిన్న దుకాణం. కప్పుల మీద, టీషర్టుల మీద బొమ్మలు వేసివ్వడం పని. ఒకరోజు పటేల్‌గూడ నుంచి నిస్సీ అనే డిగ్రీ పిల్ల తాను గీసిన బొమ్మ పట్టుకొచ్చింది. చెరువులోంచి పైకి లేస్తున్న గుర్రం, దాని మీద ఓ ఆడపిల్ల.

“ఎవరు బిడ్డా ఈ పిల్ల?”

“దుర్వి. ఇనుపచెరువు చదవలేదా అంకుల్?”

మిషను వేడెక్కేలోపే నిస్సీ కథ మొదలుపెట్టింది. కప్పు లోపల పెట్టాక కూడా చెప్తూనే ఉంది. టైము అయిపోయిందని మిషను కూత పెడుతోంది. మొగులయ్యకు వినబడలేదు. కప్పు మాడి, బొమ్మ గోధుమరంగుకు తిరిగింది. ఇంకో కప్పు వేసిచ్చి పైసలు వద్దన్నాడు.

తర్వాత ఐదు భాగాలూ కొన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు నెలలు చదివాడు. పేజీ పేజీకీ పళ్ళు నూరాడు. పూర్తయ్యాక ఆ కథ బొమ్మలు తానే గీసి కప్పుల మీద వేయడం మొదలుపెట్టాడు.

సంగారెడ్డిలో ఫంక్షన్ హాలు తీసుకుని ఇనుపచెరువు అభిమానులు సభ పెట్టారు. సుధీర్ వస్తున్నాడు. మొగులయ్య నెలరోజులు వేరే పని ముట్టకుండా మూడు వందల కప్పులు చేసి, గేటు దగ్గర టేబుల్ వేశాడు. ఆ సరుకు ఇక్కడ అమ్ముడుపోతే పోయినట్టు. బయట దుర్వి ఎవరో ఎవరికి తెలుసు?

అరగంటలో టేబుల్ చుట్టూ గుంపు చేరింది. కొనడానికి కాదు.

“గుర్రానికి రెక్కలేవి?”

“దానికి రెక్కలుండవు. కుంటిది. మూడు కాళ్ళతోనే ఉరుకుతది.”

“నువ్వు పట్టిన కుందేలుకే అనుకున్న కాకా, గుర్రానికి గూడ మూడే కాళ్ళా?”

అందరూ నవ్వారు. ఆ నవ్వులు విని నిస్సీ వచ్చింది. సభ ఏర్పాట్లన్నీ ఆ పిల్లవే.

“నేనే గద అంకుల్ మీకు కథ చెప్పిన. గిట్ల దందా పెడ్తరనుకోలే.”

“దందా కాదు బిడ్డా.”

“మరేంది? అసలు చదివిన్రా? మూడు అడుగుత, చెప్పున్రి. చెప్పకపోతే టేబుల్ తీసెయ్యాలె. దుర్వి చెరువులకు ఎందుకు దిగింది?”

“తమ్ముని చెప్పు కొట్టుకపోతే దిగింది.”

“రాజు కత్తి కోసం దిగింది. చెరువుకు కాపలా ఎవరు?”

“కండ్లు లేని ముసలామె. వాసన పట్టి మనుషుల గుర్తువడ్తది.”

“నూరు తలల పాము. రెండూ తప్పే.”

“పుస్తకంలనే తప్పు రాసిండు.”

 గుంపు ఎగబడింది.

“రాసినాయనకే తప్పు చెప్తున్నవా? సార్ కంటె నీకెక్కువ తెలుసా?”

ఎవడో మోకాలితో టేబుల్‌ను తోశాడు. నాలుగు కప్పులు కింద పడి పగిలాయి. మొగులయ్య వంగి ముక్కలు కూడా ఏరలేదు.

అప్పుడే సుధీర్ కారు దిగాడు. గుంపు దారిచ్చింది. అతను ఒక కప్పు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బాగున్నావా కాకా? మా పాత ఫ్యాక్టరీ మనిషేనమ్మా. పోనీలే, వదిలేయండి.”

“మీ కథను ఖరాబ్ చేస్తున్నడు సార్. పైంగ మీరే తప్పు రాసిన్రంట.”

సుధీర్ నవ్వాడు. “సరే, మూడో ప్రశ్న నేనడుగుతా. ఆరో భాగంలో దుర్వి చివరికి ఏమవుతుంది? ఏదో ఒకటి చెప్పు కాకా. నచ్చితే ఈ సరుకంతా నేనే కొంటా.”

చప్పట్లు మోగాయి. ఎంత పెద్ద మనసని ఫోన్లు పైకి లేచాయి. మొగులయ్య కప్పుల వైపు చూశాడు. సుధీర్ వైపు చూశాడు.

“రాసేది నువ్వు గద సార్. నీకే తెల్వాలె.”

“ఊరికే, సరదాకు. నీకేమనిపిస్తే అది.”

“నాకేం అనిపిస్తలేదు. సదువుకోనోన్ని.”

“చెప్పిన గద సార్,” అంది నిస్సీ, “ఈయనకు ఏం తెల్వదు.”

సుధీర్ ఇంకాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత కప్పును టేబుల్ మీద పెట్టి, “తీసేయించండి” అని లోపలికి నడిచాడు.

పగలగా మిగిలిన రెండు వందల తొంభై ఆరు కప్పులూ ఆటోకెక్కాయి. వెనక నుంచి ఈలలు వేశారు.

ఎనిమిదేళ్ళ కిందట సెకండ్ షిఫ్టులో, బాయిలర్ పక్కన కూర్చుని మొగులయ్య రోజుకింత అల్లి చెప్పిన ఆ కథను, ముగింపు ఒక్కటి తప్ప మొత్తం ఫోన్లోకి ఎక్కించుకున్న సుధీర్, అందుకు అతని చేతిలో పెట్టింది పదమూడు వందల యాభై రూపాయలు.