మిస్సీబాబా

రేషను చక్కెర చాలిందో లేదో, పై పొర ఒక పక్కకు కుంగిందేమో, మధ్యలో పూసిన జాము కారుతుందేమో... జ్ఞానరాజు కేకు చుట్టూ పదోసారి తిరిగాడు. పంజగుట్టలో దొర బంగళా వంటింట్లో ఇరవై ఏళ్లుగా కేకులు చేసిన చేతులు, సొంత కూతురి కేకు దగ్గర నిలవడం లేదు.

"బి.ఎ. పాసైంది నీ బిడ్డ, కేకు కాదు. జర తీస్కపో," అంది భార్య మగ్దలీనమ్మ.

"నువ్వే తీస్కపోరాదు? కాలేజీ దోస్తులున్నరు. నన్ను చూస్తె దానికి నామోషీ ఐతదేమో."

"నిన్నే తెమ్మన్నదయ్యా అది!"

అమీర్‌పేటలోని తమ ఇంటి ముందుగదిలో అమ్మాయిలు మాటలు ఆపారు. జ్ఞానరాజు కేకును బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తల వంచాడు.

"కేకు తయారుంది, మిస్సీబాబా. కోయండి."

ఏటేటా దొర కూతురి పుట్టినరోజున అనే మాట అది. నోరు దానంతటదే అనేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురు జీవమణి ముఖం ఎర్రబడింది. బిడ్డ పరువు తీశాననుకుని అతను గుమ్మం వైపు తిరిగాడు.

"నాయినా!" అందామె. "నన్ను సుత గట్లనే పిలుస్తవా? గింత చదివింది నీకు పరాయిదాన్ని అయ్యేటందుకా?"

ఆమె కత్తి ముట్టుకోలేదు. ఆమెది నామోషీ కాదని, భయమని, అచ్చం తన భయమేనని అతనికి అప్పుడు తెలిసింది.

వెనక్కి వచ్చి, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"కొయ్యే పిల్లా," అన్నాడు, గదంతా వినేటట్టు.